పోయిన మార్టేరు

కవిటం గుర్తుంది.
మలుపులో సగం విప్పిన పెళ్ళి పందిరి,
గుంజకి ఇంకా వేలాడుతున్న అరటి గెల.
ఆ తర్వాత పెనుగొండ.
రైసుమిల్లు గేటు మీద నీలం లైటు,
దాని కింద కుక్క తలెత్తి నన్ను చూడ్డం.

మధ్యలో మార్టేరు లేదు.

కాలవ వంతెన ఎక్కే ఉంటాను.
స్పీడుబ్రేకర్ల మీద వెనక ఐసు పెట్టెలు ఎగిరిపడే ఉంటాయి.
సెంటర్లో తిప్పాల్సిన చోట తిప్పే ఉంటాను,
నీళ్ళలో లేను గదా, ఇక్కడున్నాను.
కానీ అంత ఊరు,
ఇన్ని చేలకి విత్తనాలిచ్చే ఊరు,
కళ్ళు తెరిచి ఉండగానే
నా కింద నుంచి ఎవరో చాపలా లాగేశారు.

"పండూ, మార్టేరు వచ్చిందేంట్రా?"
సత్తిపండు నోరు తెరిచి నిద్రపోతున్నాడు.
క్లీనరు పడుకోవచ్చు. వాడి చేతిలో స్టీరింగు లేదు.

భయం అప్పుడు రాలేదు.
కిలోమీటరు దాటాక వచ్చింది,
అప్పులవాడిలా తీరిగ్గా,
వచ్చి పక్క సీట్లో కూర్చుంది.

నిద్రని ఆపడానికి చెయ్యనిది లేదు.
అద్దం దించాను, పాట పెంచాను,
కిళ్ళీ నమిలాను, నా చెంప నేనే వాయించుకున్నాను.
దేనికీ కాదనలేదది.
సరే సరే అంటూనే
రెప్ప వెయ్యకుండా లోపలికొచ్చి
ఒక ఊరు పట్టుకుపోయింది.

గంగులు బండి అలాగే పోయింది, నిరుడు.
లాకుల దగ్గర రోడ్డు వంకర తిరిగింది, బండి తిరగలేదు.
పొద్దున పోలీసులు టేపు పట్టుకుని వెతికారు.
బ్రేకు మచ్చ ఒక్కటి లేదు.
గట్టు మీద గడ్డి మాత్రం
ఎవరో దువ్వినట్టు ఒకే వైపుకి వంగుంది.

సిద్ధాంతం ఇవతల టీ కొట్టు దగ్గర ఆపేశాను.
రెండు టన్నుల రొయ్య.
బండి కింద ఐసు నీళ్ళు బొట్టు బొట్టు.
రాజుగారి ఫోను: "ఎందాకొచ్చావ్?"
"టైరండి" అన్నాను.
టైరుకి గాలి పోతే మర్యాదే, మనిషికి పోతే తప్పు.

కొట్టు చిట్టెమ్మ గ్లాసు చేతికిచ్చింది.
"ముందు తాగు, అప్పుడు పడుకో.
అది నెత్తికెక్కడానికి ఇరవై నిమిషాలు,
అదే లేపుద్ది, ఆయ్.
గంట పడుకున్నావో, ఊబిలో కాలే.
కాలొచ్చినా చెప్పు రాదు."

సీటు వాల్చాను.
కలకి కూడా చోటు లేని నిద్ర.
చెవిలో బొట్టు బొట్టు. నా కూలిలోంచి కారుతున్న చప్పుడు.

లేచాక కాసేపు నేను నేను కాను.
చేతులు ఎవరో ఎరువిచ్చినట్టున్నాయి.
పండు తాళం అందిస్తే, ఉండరా అన్నాను.
బోరింగు కొట్టి మెడ తడుపుకుని
బండి చుట్టూ రెండు సార్లు తిరిగాను.
చేతులు నావయ్యాక ఎక్కాను.

వశిష్ఠ మీద వంతెన.
కింద ఇసుక తిప్ప పక్కన ఒక్క నావ, ఒక్క దీపం.
ఎదురొచ్చిన కొబ్బరి లారీ డ్రైవరుది గళ్ళ చొక్కా,
మూడో గుండీ లేదు.
ఇంత చూశానా ఎప్పుడైనా,
ఈ రోడ్డు మీద పదకొండేళ్ళలో?

ఐసు కరిగిందని నాలుగొందలు కోశారు.

ఖాళీ బండితో మిట్టమధ్యాహ్నం తిరిగొస్తూ
మార్టేరులో దిగాను, పనేం లేకుండానే.
ఊరు ఉంది.
ఇస్త్రీ బండిలో బొగ్గులు విసురుతున్నాడొకడు.
బడి పిల్ల రోడ్డు మధ్యలో ఆగి
జారిన సాక్సు పైకి లాక్కుంటోంది.
హారను కొట్టడానికి చెయ్యి రాలేదు,
నడుచుకుంటూ వెళ్ళి పక్కకి తీసుకొచ్చాను.

మందుల షాపు అరుగు మీద రాత్రి కాపలా ముసలాయన.
"తాతా, రాత్రి మూడింటప్పుడు
తెల్ల వ్యాను ఒకటి ఇటు పోయిందా?"

"బోలెడు పోతాయి బాబూ.
ఒకటి మాత్రం
నే చెయ్యెత్తినా ఆగలేదు."